ఏడ్చే చోళ్ళు

నానబోసిన చోళ్ళు, అంటే రాగులు, ఏడవడం రాజాం చుట్టుపక్కల పల్లెల్లో వింతేమీ కాదు. సత్తువ లేని గింజ నీళ్ళు తగలగానే చంటిపిల్లలా ఏడుస్తుంది. ఆడవాళ్ళు కుండ మీద గోనె కప్పేసి తమ పని తాము చూసుకుంటారు.

ఆ ఉదయం అసిరమ్మ మనవడి జావ కోసం చోళ్ళు నానబోసింది. కుండ గుక్కపట్టి ఏడ్చింది. ఏడాది నిండినా గోడ పట్టుకుని నిలబడలేని మనవడు మాత్రం పక్కనే చాప మీద, ఎప్పట్లాగే చప్పుడు లేకుండా పడుకున్నాడు.

"ఇన్నావేటే?" అని కోడలు దేముడమ్మ మీద విరుచుకుపడింది. "మీ కన్నోరింటి ఇత్తనమే ఇది! జాతి మంచిదైతే ఇలాగేడుస్తాదా? గింజా అంతే, నీ కడుపున పుట్టిన గుంటడూ అంతే. ఈణ్ణట్టుకుని మీ వోళ్ళింటికి పో!"

కొడుకు చినబాబు నోట్లో నాలుక లేనివాడు. తల్లి మాట మీద బండి కట్టాడు, పెళ్ళాం పెట్టె ఎక్కించాడు.

"అత్తా, నాను కాపరానికొచ్చిన ఏడు ఇదే ఇత్తనం నానేస్తే కిక్కురుమన్నాదా? మీ పాత ఇత్తనమే మూలిగీది. మర్సిపోనావా?" అంది దేముడమ్మ ఏడుస్తూ.

నిజమే. శృంగవరపుకోట కొండవార నుంచి ఆమె ఒడిలో తెచ్చిన ఎర్రచోళ్ళు పుట్టుకతోనే గట్టివి. ఆ మరుసటేడే మామ జగన్నాధం గొర్రెల కాపరి లక్ష్ముడితో తగువు పెట్టుకున్నాడు. కోతలయ్యాక పొలంలో గొర్రెల మంద కట్టనివ్వడం మానేశాడు. బస్తా ఎరువుండగా ఆ పెంటెందుకన్నాడు. పంట విరగకాసింది, గాదె నిండింది. ఇంక గింజలో ఏముందో ఎవరిక్కావాలి?

అంతలో వీధిలోంచి లక్ష్ముడి మంద పోయింది. కుండలో ఏడుపు టక్కున ఆగిపోయింది.

అసిరమ్మ కుండలోకి వంగి చూసింది. మంద దాటిపోగానే కుండ మళ్ళీ అందుకుంది, తల్లి పక్కలోంచి లేచిపోతే పసిబిడ్డ ఏడ్చినట్టు.

అరుగు మీద జగన్నాధం నోట్లోంచి చుట్ట ఊడిపడింది. ఆయన మనవడి కాళ్ళకేసి చూశాడు. చీపురుపుల్లల్లా ఉన్నాయి.

"ఓలమ్మా! ఈడి కూడు నానే లాగీసినానేటే?"

ఆయన చెప్పుల్లేకుండానే వీధిలోకి పరుగెత్తాడు. "ఒరే లక్ష్ముడా, ఆగరా! నీ కాళ్ళట్టుకుంటాను, మందని మా సేలోకి తోల్రా!"

అసిరమ్మ బండి మీంచి పెట్టె దించింది. కోడలి మొహం చూడలేకపోయింది.

కాసేపటికి గొర్రెలు వెనక్కి తిరిగిన చప్పుడైంది. కుండ ఊరుకుంది. అప్పుడు, పుట్టిన్నాటి నుంచీ గట్టిగా ఏడవని పిల్లాడు, ఇల్లు ఎగిరిపోయేలా ఆకలని ఏడ్చాడు.