పుల్లనీళ్ళు

ఎలుక గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని రెండు మిల్లీమీటర్ల రింగులుగా కోసి, వెచ్చని ఉప్పునీటి తొట్టిలో రెండు కొక్కేల మధ్య తగిలిస్తాం. ముందు ఒక మందుతో దాన్ని బిగిస్తాం. ఆ మీదట మేము పరీక్షిస్తున్న హార్మోను చుక్క వేస్తాం. నాళం సడలితే తెర మీద గీత కిందికి జారుతుంది. అప్పుడు మా ల్యాబులో అనే మాట ఒకటే: "వదిలింది."

ఆ మాటను ఇంటికి మోసుకెళ్ళింది నేనే. అక్క ఊపిరితిత్తుల్లోని నాళాలు ఏడాదిగా బిగుసుకుపోతున్నాయి. జడ వేసుకునేలోపు ఊపిరి కోసం మూడుసార్లు ఆగుతుంది. ఉన్న మందులు పనిచేయడం మానేశాయని డాక్టరు చెప్పిన వారమే, మా రింగులు వదులుతున్నాయని నోరు జారాను. అప్పటి నుంచి ఫోనులో "ఇవాళ వదిలిందా రా?" అన్నదే పలకరింపు. నా ఫలితం తేలాక చూద్దామంటూ, పదమూడేళ్ళ కూతురికి జబ్బు సంగతి చెప్పకుండా దాటవేస్తోంది.

ఎలుకకూ మనిషికీ మధ్య ఎన్నేళ్ళ దూరముందో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆశపెట్టడం కన్నా, ఉన్న ఆశను సరిదిద్దకపోవడం చిన్న తప్పనుకున్నాను. ఇప్పుడా తేడా కనిపించడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం కొలతలమ్మ పిలిచింది. ఇరవయ్యేళ్ళుగా తొట్లు చూసుకుంటున్న టెక్నీషియనుకు మేం పెట్టుకున్న పేరది.

"సార్, ఈ రింగు వదిలిందండి."

"మంచిదేగా."

"ఇందులో హార్మోను వెయ్యలేదండి. దాన్ని కరిగించే పుల్లనీళ్ళే వేశాను. ఎందుకో అనుమానమొచ్చి."

ఆ హార్మోను వట్టి నీటిలో కరగదు. కాస్త ఆమ్లం కలపాలి. హార్మోను వెయ్యకుండా పోల్చి చూసే తొట్టిలో ఇన్నాళ్ళూ నేను ఆమ్లం లేని నీరే పోశాను. ఒకదాని వెనక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం కాదని విద్యార్థులకు పాఠం చెప్పేది కూడా నేనే. ఆమ్లం ప్రభావం లేకుండా సరిచేసి, హార్మోనును ఆరు రింగులకు మళ్ళీ ఇచ్చాం. ఆరు గీతలూ కదలలేదు.

కొలతలమ్మ చేతితొడుగులు తీస్తూ, "నేను వేలు పెట్టకుండా ఉండాల్సింది" అంది.

"సరిగ్గా పెట్టింది మీరొక్కరే" అన్నాను.

సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్క రెండో మెట్టు మీదే కూలబడి ఉంది. సంగతంతా చెప్పాను.

"కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నువ్వు ఎలుకను తవ్వి ఏం పట్టావు రా?"

"పుల్లనీళ్ళు."

నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగినా పెదవుల మీది నీలం తగ్గలేదు. ఇంకేదైనా హార్మోను ఉందా అని అడగలేదు. అడిగితే ఉందనేవాణ్ణి.

పైగదిలో పిల్ల పాఠం పైకి చదువుకుంటోంది. అక్క కాసేపు ఆ గొంతే విన్నది.

"దాన్ని కిందికి పిలువు," అంది. "నువ్వు వెళ్ళకు. మధ్యలో నాకు ఊపిరి అందకపోతే, మిగతాది నువ్వే చెప్పాలి."