సమాధికి శుక్రవారం దాకా గడువు

గేర్నోట్ పాసావర్ ముప్పై ఎనిమిదేళ్ళు రైల్వేలో టైంటేబుళ్ళు తయారుచేసి రిటైరయ్యాడు. రిటైరైన మనిషి హాయిగా తోటపని చేసుకోవాలా వద్దా? అబ్బే! ఊళ్ళోవాళ్ళ తాతల సైనిక కాగితాలు చదివిపెట్టే పని నెత్తికెత్తుకున్నాడు. ఎవరి అటక మీద ఏ డబ్బా బయటపడినా తిన్నగా ఆయన వంటింటి బల్ల మీదికి వచ్చేది. అందులో సిపాయి జీతం పుస్తకమో, పతకం తాలూకు పత్రమో, బూజుపట్టిన నాలుగు ఫొటోలో ఉండేవి. ప్రతిఫలంగా ఒక కేకు పుచ్చుకునేవాడు. ప్లమ్ పళ్ళ కేకు తెచ్చినవాళ్ళ పని ముందు అవుతుందని ఊళ్ళో అనుకునేవారు, అందులో అబద్ధమేమీ లేదు.

వచ్చినవాళ్ళందరికీ కావలసింది ఒకటే. తాత మహావీరుడై ఉండాలి, కానీ పాపం ఎవరినీ చంపి ఉండకూడదు. ఈ రెండూ ఒకే కాగితం మీద రాసి, కింద ముద్ర వేసి ఉండాలి. అలాంటి కాగితం గేర్నోట్‌కి ఇంతవరకు తగల్లేదు.

ఆ గురువారం వచ్చినావిడకి మాత్రం వీరుడు అక్కర్లేదు. ఆవిడ పేరు మెచ్‌టిల్డ్ క్రోగర్, గేర్నోట్ భార్య గుద్రున్‌కి చిన్నప్పటి బడి నేస్తం. డెబ్బై రెండేళ్ళ మనిషి. హాంబర్గ్‌లో మందుల షాపు నడిపి మానేసింది, పెళ్ళీ గిళ్ళీ పెట్టుకోలేదు. పొద్దుటి రైలు దిగి, కోటు కూడా విప్పకుండా మూడు వస్తువులు బల్ల మీద పెట్టింది. ఒకటి తండ్రి పోయాక ఆవిడకి చేరిన తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా, రెండోది బెర్లిన్‌లోని సైనిక కాగితాల భాండాగారం నుంచి వచ్చిన లావుపాటి కవరు, మూడోది శ్మశానం ఆఫీసు ఫారం.

"కేకు తేలేదు అన్నయ్యగారూ. తెచ్చే ఓపిక లేదు," అంది.

"కేకు లేకపోతే ఈయన కళ్ళజోడే పెట్టుకోరే," అంది గుద్రున్ కాఫీ వంపుతూ. "నిన్న నేను చేసింది ఉందిలే. ముందా కోటు తియ్యి, ఇదేం రైలుపెట్టె కాదు."

మెచ్‌టిల్డ్ కోటు తియ్యలేదు. ఫారం ముందుకి తోసింది. ఆవిడ తండ్రి ఓట్‌మార్‌ని పాతిపెట్టి ముప్పై ఏళ్ళు నిండాయి, అంటే సమాధి స్థలానికి కట్టిన అద్దె గడువు అయిపోయింది. గడువు పెంచమని సంతకం పెడితే ఆయన ఇంకో ఇరవై ఏళ్ళు అక్కడే ఉంటాడు. పెట్టకపోతే రాయి పెకలించి, నేల చదును చేసి, గడ్డి వేసేస్తారు. రేపు శుక్రవారం మధ్యాహ్నానికల్లా జవాబు ఇవ్వాలి.

"ఆయన ఆ ఊళ్ళు తగలబెట్టినవాళ్ళలో ఉంటే తీసెయ్యమంటాను," అంది. "ఆ పేరున్న రాయి ఈ భూమ్మీద ఉండడానికి వీల్లేదు. లేకపోతే..."

ఆ 'లేకపోతే' తర్వాత ఏముందో ఆవిడ ఎన్నడూ ఆలోచించుకున్నట్టు లేదు.

ఆ గొడవ ఊరంతటికీ తెలిసిందే. ఎర్రదుప్పి బీరు దుకాణంలో కిటికీ పక్కన ఒక బల్ల ఉండేది. ఆదివారం చర్చి అయ్యాక ఆ బల్ల దగ్గర కూర్చునే హక్కు పన్నెండు మందికే. అందరూ ఒకే రెజిమెంటులో యుద్ధం చేసి బతికొచ్చినవాళ్ళమని చెప్పుకునేవారు. ఓట్‌మార్ వాళ్ళలో ఒకడు. గుర్రాలకి నాడాలు కొట్టే కమ్మరి ఆయన, తర్వాత్తర్వాత ట్రాక్టర్లు బాగుచేసేవాడు. వేసవిలో తుపాకి గురి పోటీల సంఘం ఊరేగింపు జరిగితే యుద్ధంలో సాహసానికిచ్చే ఇనుప శిలువ పతకం గుండెకి తగిలించుకుని ముందువరుసలో ఠీవిగా నడిచేవాడు. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, కాలేజీ చదువులో ఉన్న మెచ్‌టిల్డ్ పత్రికలో ఒక కోర్టు విచారణ గురించి చదివింది. నలభై మూడు మార్చిలో అదే రెజిమెంటు బెలారస్‌లో మూడు పల్లెలని మనుషులతో సహా తగలబెట్టిందట. ఆ ఆదివారమే పత్రిక పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ అడిగేసింది.

"నాన్నా, నువ్వు అక్కడ ఉన్నావా?"

ఓట్‌మార్ చుట్టూ ఉన్న పదకొండు మొహాలూ చూశాడు. "ఉన్నాను," అన్నాడు. ఆ సాయంత్రం రైలెక్కిన పిల్ల మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. తండ్రి అంత్యక్రియలకి కూడా రాలేదు.

గేర్నోట్ కళ్ళజోడు పెట్టుకుని కవరు చింపాడు. ఇలాంటి కవర్లలో మంచి కబుర్లు తక్కువని ఆయనకి తెలుసు. మొదటి కాగితం మీదే నలభై ఒకటి అక్టోబరు తేదీ, దాని పక్కన రెజిమెంటు నంబరు కనిపించాయి.

మెచ్‌టిల్డ్ కూడా చూసింది. "అదే నంబరు. అయిపోయిందిగా," అని సంచిలోంచి కలం తీసింది.

"ఆగండమ్మా, ఆగండి! రైలు నంబరు చూసి ఎక్కేస్తే ఎలా? ఎక్కడికి పోతోందో చూడొద్దూ? ఇది యుద్ధానికి పోయిన దళం కాదు, ఇక్కడి శిక్షణ బెటాలియన్. ఈ చుట్టుపక్కల కుర్రాళ్ళందరూ ముందు దీన్లోనే చేరేవాళ్ళు. దీనికీ అదే నంబరు. వచ్చేవాళ్ళలో సగం మంది ఇక్కడే పప్పులో కాలేస్తారు."

"ఆ తర్వాత ఎక్కడికి పోయాడు మరి?"

"అది ఆయన పళ్ళని అడుగుదాం," అన్నాడు గేర్నోట్.

"మొదలెట్టారా పళ్ళ పురాణం!" అంది గుద్రున్. "ఈయనకో సిద్ధాంతం ఉందే. గొప్పలు చెప్పుకోవడానికి ఎవడూ పన్ను పీకించుకోడట. అందుకని పతకాల పేజీ చివర చదువుతారు."

గేర్నోట్ ఆ మాట పట్టించుకోలేదు. బిస్కెట్ డబ్బా మూత ఊడబెరికి, జీతం పుస్తకం తీసి, టీకాలు, కళ్ళజోళ్ళు, పళ్ళు రాసే పేజీకి పోయాడు. భూతద్దం పెట్టాడు. ఒక గుండ్రటి ముద్ర, దాంట్లో ఐదంకెల సైనిక తపాలా నంబరు. లేచి అలమారలోంచి ఏ నంబరు ఏ దళానిదో చెప్పే లావుపాటి పుస్తకం తెచ్చి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. మెచ్‌టిల్డ్ కలం వేళ్ళ మధ్య నలుగుతోంది.

"చెప్పండి మహానుభావా, ఊపిరాడక చచ్చేట్టున్నాం!" అంది గుద్రున్.

"నలభై మూడు మార్చి పద్నాలుగు. కింది దవడ, ఎడమవైపు పన్ను పీకారు. ఎక్కడంటే డెన్మార్క్‌లో. గుర్రాల ఆసుపత్రిలో."

"గుర్రాల ఆసుపత్రిలో మనిషి పన్ను పీకారా?" అంది గుద్రున్.

"అక్కడ పనిచేసే సిపాయికి పీకారే బాబూ!" గేర్నోట్ బెర్లిన్ కాగితాలు పక్కన పెట్టి వరసగా సరిచూశాడు. "చూడండి, ఇక్కడా అదే ఉంది. శిక్షణ అవగానే, కమ్మరి కాబట్టి అటు పంపేశారు. నలభై రెండు జనవరి నుంచి యుద్ధం అయిపోయేదాకా అక్కడే. రెండుచోట్లా తేదీలు కలిశాయి. మెచ్‌టిల్డ్ గారూ, మీ నాన్నగారు బెలారస్ మొహమే చూడలేదు."

మెచ్‌టిల్డ్ డబ్బాలోంచి ఇనుప శిలువ తీసి చూపించింది. గేర్నోట్ దాన్ని ఇటూ అటూ తిప్పాడు.

"మధ్యలో మూడు ఆకులున్నాయి కదా, ఇది యాభై ఏడు తర్వాతి అచ్చు. హిట్లర్ గుర్తు తీసేసి ఇలా చేశారు. నిజంగా పతకం వచ్చినవాళ్ళు కూడా ఇదే కొనుక్కుని పెట్టుకునేవాళ్ళు, దాంట్లో తప్పు పట్టలేం. కానీ ఈయనకి వచ్చినట్టు జీతం పుస్తకంలో లేదు, బెర్లిన్ కాగితాల్లోనూ లేదు. షాపుకి పోయి కొనుక్కున్నారంతే."

"కొనుక్కున్నాడా!" గుద్రున్ నోరు నొక్కుకుంది. "ఊరేగింపులో ఆ నడకేమిటి, ఆ మీసమేమిటి! మా నాన్న ప్రతి ఏడూ లేచి సెల్యూట్ కొట్టేవాడే ఆయనకి!"

"ఒక పతకం నిజంగానే వచ్చింది," అన్నాడు గేర్నోట్, ఆఖరి కాగితం పైకెత్తి. "నలభై నాలుగులో యుద్ధసేవా శిలువ. ఎందుకివ్వాలో పైవాళ్ళు ఒక ముక్క రాశారు. చదువుతాను, నవ్వకండి. 'గుర్రాలకు గజ్జి అంటుకొన్న కాలమున, గంధకపు పొగ పెట్టి, ఆరువందల గుర్రాలకు అలుపెరుగక చికిత్స చేసినందులకు.'"

నవ్వకండి అన్నవాడే ముందు నవ్వాడు. గుద్రున్ కుర్చీలో వెనక్కి పడి నవ్వింది. మెచ్‌టిల్డ్ కూడా పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. "గజ్జి! ఓరి దేవుడా, గజ్జి!" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నయమైన గుర్రాలు ఎక్కడికి పోయేవి అన్నయ్యగారూ?" అని అడిగింది.

"తిరిగి యుద్ధానికే. ఫిరంగులు లాగడానికి."

"అంటే చేతులు మరీ అంత శుభ్రమేం కాదన్నమాట."

"కాదు. శుభ్రమని నేను రాసివ్వను. ఆ మూడు పల్లెల్లో మాత్రం ఆయన లేడు. అంతవరకు రాసిస్తాను, సంతకం పెడతాను."

ఇప్పుడు కోటు విప్పింది మెచ్‌టిల్డ్. విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"లేనని ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఆ బల్ల దగ్గర లేనంటే, ఆ కుర్చీ పోయేది కదే," అంది గుద్రున్ మెల్లగా.

"ఆ రోజు సరే. ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళు బతికాడే! ఒక్క కార్డు ముక్క రాయడానికి చెయ్యి పడిపోయిందా? 'నేను అక్కడ లేనే, డెన్మార్క్‌లో గజ్జి కుదిర్చాను' అని రాస్తే చాలదూ? మొదటి రైలెక్కి వచ్చేసేదాన్నే!" ఒళ్ళోని కోటు పక్కకి విసిరేసింది. "నేను మాత్రం ఏం ఒరగబెట్టాను? పన్నెండు మందిలో నిలబెట్టి అడిగాను. ఒంటరిగా ఒక్కసారి, ఒక్కసారైనా అడిగానా?"

గేర్నోట్ కళ్ళజోడు తీసి, కేకు ముక్క కోసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ తింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ శ్మశానం ఆఫీసుకి వెళ్ళారు. మెచ్‌టిల్డ్ 'ఉంచాలి' అన్నచోట గీత పెట్టి సంతకం చేసింది.

"ఇరవై ఏళ్ళంటే నాకు తొంభై రెండు వస్తాయి," అంది.

"నువ్వు తిట్టదల్చుకున్నదంతా తిట్టడానికి ఆమాత్రం పడుతుందిలే," అంది గుద్రున్.

సమాధి గోడవారగా ఉంది. రాయి మీద నాచు పట్టింది. మెచ్‌టిల్డ్ ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు దాన్ని. సంచి కింద పెట్టి, కాళ్ళు దూరంగా పెట్టుకుని నిలబడి, బడిపంతులమ్మలా వేలు చూపించింది. గేర్నోట్ టోపీ తీసి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. అయినా ప్రతి మాటా వినిపించింది.

"గజ్జి కుదిర్చానని చెప్పుకోవడం నామోషీ, హంతకుడినని చెప్పుకోవడం నామోషీ కాదా నీకు? ఏం నాన్నా?"

యాభై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ పిలుపు ఆవిడ నోట వచ్చింది. ఆ పైన ఇంక తిట్టడం సాగలేదు. తడిగడ్డి మీదే కూలబడి ఏడ్చింది. గుద్రున్ వెళ్ళి పక్కన కూర్చుంది, పాపం, ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే.

కాసేపటికి మెచ్‌టిల్డ్ ముక్కు చీదుకుని, చేతిరుమాలుతో రాయి మీది నాచు గీకడం మొదలుపెట్టింది.

"సాయంత్రం రైలుకి టికెట్ తీసుకున్నారు కదమ్మా," అని గుర్తుచేశాడు గేర్నోట్, రైల్వే మనిషి కాబట్టి.

"పోనివ్వండి దాన్ని," అంది ఆవిడ. "రేపు మళ్ళీ రావాలి. ఇంకా ఏమీ మాట్లాడుకోలేదు మేము."