కిష్టమ్మ చెప్పిన సాక్ష్యం

కడుపుమంటకు మందు లింగంపల్లి దవాఖానలో దొరికేదే అయితే నీలమ్మ ఆ బుధవారమే పోయి తెచ్చుకునేది. కానీ అది అలాంటి మంట కాదు కదా! కిష్టమ్మ గుడిసెలో, పాస్టరయ్య ముందర, ఇరవై మంది వింటుండగా అంటుకున్న మంట.

కిష్టమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. బావి దగ్గర జారిపడి తుంటి విరిగి, ఎనిమిది నెలలుగా నులకమంచం మీదే ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి ఆమె ఒళ్ళు తుడిచి, తడిసిన బట్టలు మార్చి, వీపు మీది పుండ్లను వేపాకు నీళ్ళతో కడిగేది నీలమ్మ. ఆ బట్టలు ఉతికేదీ నీలమ్మే. మొగుడు రైలు పట్టాల మీద పనికి వెళ్ళగానే బకెట్ పట్టుకుని బయలుదేరేది. ప్రభువే శిష్యుల కాళ్ళు కడిగినప్పుడు, తాను ఒక ముసలమ్మ వీపు కడిగితే అరిగిపోతానా అనుకునేది.

మరి దీవెనమ్మ? గుంటూరు నుంచి వచ్చిన ఫ్యాక్టరీ గుమాస్తా భార్య. గంజి పెట్టిన తెల్లచీర, చంకలో బైబిలు. వారంలో నాలుగైదు సాయంత్రాలు వచ్చి, గడప పక్కనే కూర్చుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక కీర్తన చదివి పోయేది. ఒక్క గుడ్డ ఉతికిన పాపాన పోలేదు.

ఆ బుధవారం ప్రార్థన కూటంలో పాస్టరయ్య, "ప్రభువు చేసిన మేలు గురించి ఎవరన్నా సాక్ష్యం చెబుతారా?" అని అడగగానే కిష్టమ్మ మంచంలోంచి చెయ్యెత్తింది. నీలమ్మ ముసుగు సర్దుకుంది. తన పేరు వింటే ఏ ముఖం పెట్టాలో కూడా అనుకుంది, పిచ్చిది.

"అయ్యా, బిడ్డలు లేని లోటు నాకు ఈ దీవెనమ్మ తీర్చింది. ఈమె లేకుంటె నేనెన్నడో సచ్చిపోదును."

"స్తోత్రం!" అన్నారందరూ.

"అయ్యో, నాదేముందండీ, అంతా ప్రభువు కృప" అంటూ దీవెనమ్మ తల వంచుకుంది. ఆ వంచడం చూసి నీలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

'నలగని చీరకు సాక్ష్యమా! ఆమెనే కడగమను, చూద్దాం' అనుకుంది. గురువారం పోలేదు. శుక్రవారమూ పోలేదు. శుక్రవారం సాయంత్రం దీవెనమ్మ గుడిసెలోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికి రావడం రోడ్డు మీది నుంచి కళ్ళారా చూసింది. తగిన శాస్తి జరిగిందని సంబరపడింది కూడా.

శనివారం పొద్దున, ముసలిదాని గతి చూసి నవ్వుకుని వద్దామని బయలుదేరింది. బకెట్ ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియాలి.

గుడిసె నిండా ఈగలు. పక్క తడిసి, ఎండి, మళ్ళీ తడిసింది. నీలమ్మకు నవ్వు రాలేదు.

"వచ్చినవా బిడ్డా! జరం తగ్గిందా?" అంది కిష్టమ్మ.

"జరమేంది?"

"రెండు దినాలు రాకపోతివి. జరమొచ్చి పడ్డవేమో అని పరేషానైన. నీ కోసమే ప్రార్థన చేస్తున్న."

నీలమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆ కంపులో పడి ఉండి, తన కోసం ప్రార్థన!

"జరం లేదు, ఏం లేదు అవ్వా. దీవెనమ్మ మీది ఏడ్పుతోని రాలేదు. ఆమె పేరు చెప్తివి. నా పేరు నీ నోట రాకపాయె!"

కిష్టమ్మ చూపు గడప వైపు తిప్పుకుంది.

"నాకు చదువు రాదు, నీకు రాదు. దేవుని మాట ఇనకుంటె నాకు పానం నిలువది. పొగడకుంటె ఆమె రాదు బిడ్డా, నాకు ఎరుకే. నువ్వైతె పొగడకున్నా వస్తవనుకున్న."

నీలమ్మ బకెట్ దగ్గరికి లాక్కుంది. ముసలమ్మను పక్కకు తిప్పి పుండ్లు కడిగింది. కిష్టమ్మ పళ్ళు బిగబట్టింది కానీ అమ్మా అనలేదు. అరిచినా బాగుండేదనిపించింది నీలమ్మకు.

సాయంత్రం ఆమె ఇంకా అక్కడే ఉంది. దీవెనమ్మ వచ్చి గడప బయటే ఆగిపోయింది.

"ఏమీ అనుకోకండి కిష్టమ్మగారూ. నిన్న ఆ వాసనకు నాకు తల తిరిగిపోయిందండీ. ఇక రాలేనని చెప్పిపోదామనే వచ్చాను."

కిష్టమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నీలమ్మ మూడు రోజులుగా కోరుకున్నది ఇదే. నోరు మూసుకుంటే చాలు, ఈ గంజిచీర మళ్ళీ కనబడదు. అయినా నోరు తెరిచింది.

"గట్లనకండి అమ్మా. వాసన రాకుండ నేను కడుగుత. మీరు చదువుతుంటెనే అవ్వ నొప్పి మరిచిపోతది. నేనెంత కడిగినా గా పని నాతోని కాదు."

అబద్ధమైతే ఇంత కష్టమయ్యేది కాదు. నిజం కావడమే కష్టం. దీవెనమ్మ ముఖం విప్పారింది. లోపలికి వచ్చి, మంచం పక్కనే కూర్చుని బైబిలు తెరిచింది. తెరిచి, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"ఈ మాటే రేపు మందిరంలో అందరి ముందూ చెబుతావా నీలమ్మా?"

నీలమ్మ ఒళ్ళంతా భగ్గుమంది.

"చెప్తనమ్మా. మీరు చదవండి" అంది.