నర్మద పేరు మీద బియ్యం

మా బావ దశరథం మా అక్కను చంపలేదని ఇప్పటికి మూడుసార్లు నిరూపించుకున్నాడు. మొదటిసారి పోలీసుల ముందు. "నా భార్య తల్లిగారింటికి పోయింది, నాకేం తెల్వది" అన్నాడు. సుల్తానాబాద్ దగ్గర కాలువలో శవం తేలాక, కోర్టులో రెండోసారి. "మనసు మంచిగ లేక ఆమెనే దునికింది" అన్నాడు. దూకిన మనిషి మెడకు నూలు తాడు ఎట్లా బిగిసిందని జడ్జి అడిగాడు. యావజ్జీవం పడింది. జైల్లో తోటపని చేసి, భజనలు పాడి, సత్ప్రవర్తన పేరు మీద ముందుగానే బయటికొచ్చి, ఇప్పుడు మూడోసారి చెబుతున్నాడు. "నర్మద సావనే లేదు. భైంసాల బతికే ఉన్నది."

అబద్ధమాడేవాడికి పోయినసారి ఏం చెప్పాడో గుర్తుండాలంటారు. మా బావకు ఆ అవసరం రాలేదు. వినేవాళ్లకే గుర్తు లేదు.

ఆయనకు ఈ కొత్త నిజం ఎందుకు కావలసి వచ్చిందో మా వాడకట్టులో అందరికీ తెలుసు. మాది మరమగ్గాల ఊరు. వాటిని మేం సాంచెలంటాం, సాంచెల యజమానిని ఆసామి అంటాం. ఒకప్పుడు ఆసాముల సంఘానికి దశరథమే అధ్యక్షుడు. మళ్లీ ఆ కుర్చీ ఎక్కాలి. భార్యను చంపినవాడికి దండ వేయడానికి కొందరికి ఇంకా కొంచెం మొహమాటం ఉంది. భార్య బతికే ఉంటే ఆ మొహమాటం ఉండదు. అందుకని మా అక్క బతకాలి. పదిహేనేళ్ల కింద చావాల్సి వచ్చింది, ఇప్పుడు బతకాల్సి వచ్చింది. ఆమె ఏది చేసినా ఆయన సౌకర్యం కోసమే చేయాలి.

దీనికి తోడు దొరికినవాడు హరీష్. కరీంనగర్ కుర్రవాడు, ఫోనుకు ఒక కర్ర తగిలించుకుని ఛానెల్ అంటాడు. "నర్మద ఎక్కడ?" అని మొదలుపెట్టాడు. ఇక చూడండి! సాంచె నడిపేవాడూ చర్చించాడు, సాంచె లేనివాడూ చర్చించాడు. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకుని, మిగతా సగంతో వాదించుకున్నవాళ్లను నేను కళ్లారా చూశాను. అక్క బతికుండగా ఆమె మొహం మీద వాతలు చూసి కూడా "మొగుడు పెండ్లాల సంగతి మనకెందుకు" అని తలుపేసుకున్న ఇరుగుపొరుగు, ఇప్పుడు కెమెరా ముందు వరస కట్టి నిలబడ్డారు. ఒకామె అక్కను బస్సులో చూసిందట. ఒకాయనకు కలలో కనబడిందట, దాన్నీ వేశారు.

చర్చ పెద్దమనుషుల దాకా పోయాక మమతారాణి గారు వచ్చారు. రిటైరైన లెక్చరరు. ప్రతిసారీ కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, "మనం రెండు వైపులా ఆలోచించాలి" అంటారు. మూడు కథలు చెప్పినవాడికి రెండు వైపులు ఎట్లా చాలుతాయో నాకర్థం కాలేదు. డీఎన్ఏ పరీక్షలో శవం మా అవ్వ రక్తంతో సరిపోయింది గదా అని ఎవరో అడిగితే, "సైన్సు కూడా ప్రశ్నకు అతీతం కాదు" అన్నారు. విన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. 

వీళ్లంతా ఎంత వాగినా నేను చెవిన పెట్టకపోదును. కానీ మా అవ్వ చెవిన పెట్టింది.

మా అవ్వ పోచవ్వ. కళ్లు మసకబారేదాకా సాంచెలకు నూలు కండెలు చుట్టి మా ఇద్దరినీ పెంచింది. బాపు ఎల్లేశం ఎప్పుడో పోయాడు. అక్క శవాన్ని ఆసుపత్రి నుంచి మూట కట్టి నేరుగా కాష్టం మీదికే తీసుకుపోయారు. చూసే రూపు లేదన్నారు. అవ్వకు చూపించింది మెట్టెలు, చీర ముక్క, అంతే. ఏళ్లకేళ్లు ఏడ్చి ఏడ్చి, చివరికి బిడ్డ పోయిందని ఒప్పుకుని, ఏటా పెత్రమాసనాడు, అంటే పెద్దల అమావాస్య నాడు, బాపు పేరుతోపాటు అక్క పేరు మీద కూడా అయ్యగారికి బియ్యం ఇస్తూ వచ్చింది. ముత్తయిదువగా పోయిన మనిషి గనుక ఆ పళ్లెంలో పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ కూడా పెట్టేది. అట్లా సర్దుకున్న గుండెను హరీష్ వచ్చి కెలికాడు.

మా ఇంటి గడప మీద కూర్చుని, ఎంతో ప్రేమగా అడిగాడు.

"అమ్మా, మీరు మొఖం చూసిండ్రా?"

"లేదు బిడ్డా. సూడనియ్యలే."

"మరి ఆమె నర్మదనే అని ఎట్ల చెప్తరు?"

అవ్వ నా వైపు చూసింది. "అవునే లతా. ఎట్ల చెప్తం?"

"నీ రక్తంతోటి కలిసింది గద అవ్వా!" అన్నాను.

"సూదితోటి గింతంత రక్తం తీసిన్రు. దాంట్ల నా బిడ్డ మొఖం కనవడ్తదా?"

హరీష్ మొహం వెలిగిపోయింది. సాయంత్రానికల్లా ఆ ముక్క ఊరంతా తిరిగింది, "కన్నతల్లి సంచలన అనుమానం" అని. మర్నాడు మళ్లీ వచ్చాడు. పెత్రమాస తెల్లవారి కరీంనగర్‌లో ఫంక్షన్ హాలు తీసుకుని బహిరంగ చర్చ పెడుతున్నారట. అవ్వ వేదిక ఎక్కి ఒక్క మాట అంటే చాలు. "కాలువల తేలిన శవం నా బిడ్డది కాదేమో" అంటే చాలు. దశరథం లాయరు ఆ మాట పట్టుకుని కేసు తిరగదోడమని హైకోర్టుకు పోతాడు. వాళ్ల దగ్గర లేనిది అదొక్కటే. తల్లి నోటి మాట.

"చెప్తనే" అంది అవ్వ. "బతికున్నదని నలుగురికి తెలిస్తె, యాడున్నా వస్తది."

"అవ్వా, వాడు నీ నోటితోటి బయటపడాలని చూస్తుండు!"

"వాడు బయటపడితె పడని. నా బిడ్డ వస్తది గద."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. హంతకుడి మీద కోపం తీర్చుకోవచ్చు, ఆశపడ్డ తల్లిని ఏమంటాం?

భైంసా పోదామని పట్టుబడితే తీసుకుపోయాను. నిర్మల్‌లో బస్సు మారి, నర్మద ఈమేనని ఛానెల్‌లో ఫోటో వేసినామె కోసం పత్తి మిల్లుల చుట్టూ తిరిగితే ఒక షెడ్డులో దొరికింది. తలనిండా పత్తి నలుసులు. ఆమెకూ ఫోటో సంగతి తెలిసి విసిగిపోయి ఉంది. అయినా అవ్వను చూడగానే లేచి, నీళ్లిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, పిన్నీ అని మరాఠీలో పిలిచింది. "మావ్‌శీ, నేను నీ పోరిని కాదు. మాది ధర్మాబాద్. నా అవ్వ ఇంకా బతికే ఉన్నది" అంది. అవ్వ ఆమె చేయి పట్టుకుని, మొహమంతా తడిమి చూసింది. ఆమె తడమనిచ్చింది. ఈ చర్చంతటిలో నాకు కనబడిన ఒకే ఒక్క మంచి మనిషి ఆమె. ఆమె చర్చలో లేదు.

తిరుగు బస్సులో అవ్వ అంది, "గీమె కాదు గని, ఇంకోతాన ఉండచ్చు." దిగగానే బజారుకు నడిపించి, ఆకుపచ్చ రవికె గుడ్డ, డజను గాజులు కొంది. బతుకమ్మకు అక్క వస్తే వట్టి చేతులతో పంపకూడదట. వాటిని తలకింద పెట్టుకుని పడుకునేది. నేను చూడలేక మొహం తిప్పుకునేదాన్ని.

పెత్రమాస వచ్చింది. పొద్దున్నే అవ్వ బాపు పేరు మీద ఒక్క పళ్లెమే సర్దింది. బియ్యం, పప్పు, బీరకాయలు, చింతపండు.

"అక్కది?" అన్నాను.

"బతికున్నదానికి బియ్యమిస్తరానే? నోట్ల మన్ను వోసినట్టు!" అని కసిరింది.

గుడికి బయల్దేరబోతుండగా హరీష్ లైవ్ మొదలైంది. అవ్వ అతని వీడియో ఒక్కటి కూడా వదలదు. ఫోను పెట్టమంది. పెట్టాను.

దశరథం వాళ్ల వాడ గుడి. తెల్లటి పంచె, నుదుట విభూతి, జైలుకు పోయొచ్చినవాడిలా కాదు, యాత్రకు పోయొచ్చినవాడిలా ఉన్నాడు. "పెద్దలను మరువని పెద్దమనిషి" అని కింద అక్షరాలు నడుస్తున్నాయి. హరీష్ గొంతు ఏదో చెబుతోంది. వాళ్ల వదినె సత్తమ్మ పళ్లేలు తెచ్చి అయ్యగారి ముందు వరసగా పెట్టింది. తండ్రి పేరు చెప్పాడు, నువ్వులు నీళ్లు వదిలాడు. తల్లి పేరు చెప్పాడు, వదిలాడు. అయ్యగారు ముసలాయన, తన పనేదో తను చేసుకుపోయే మనిషి. మూడో పళ్లెం ముందుకు జరిపాడు. బియ్యం మీద పసుపు, కుంకుమ, గాజులు, ఎర్ర రవికె గుడ్డ.

"ముత్తయిదువ పళ్లెం. పేరు చెప్పు."

దశరథం వదినె వైపు ఉరిమి చూశాడు. "గిదెందుకు తెచ్చినవ్?" అని పళ్ల బిగువున అన్నాడు. కర్ర చివరి మైకుకు అది స్పష్టంగా వినబడింది.

సత్తమ్మకు ఛానెళ్లు తెలియవు, హైకోర్టు తెలియదు. పెత్రమాస తెలుసు. "ఏటా నువ్వు లేవని నేనే ఇప్పిస్తి. నువ్వున్నంక నువ్వే ఇయ్యాలె గద" అంది.

"తీసెయ్."

"అయ్యగారి ముంగట వెట్టినది ఎనుకకు తీస్తరా? పేరు చెప్పకుంటె ఆకలితోటి వచ్చి గడపల కూసుంటది! పిల్లగాండ్లున్న ఇల్లు!"

మా బావ పళ్లెం వైపు చూశాడు. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను. పోలీసులు తన్నినప్పుడూ, శిక్ష వేసినప్పుడూ ఆ మొహం అట్లా కాలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి గుడి గడప చూశాడు, అక్కడెవరో కూర్చున్నట్టు. బతికున్న మనిషికి బియ్యమెందుకని ఒక్క మాట అని లేచిపోతే ఆయన గెలిచేవాడు. లేవలేకపోయాడు. కోర్టుకు జంకనివాడు మా అక్కకు జంకాడు.

"నర్మద" అన్నాడు మెల్లగా.

"గట్టిగ చెప్పు" అన్నాడు అయ్యగారు, తలెత్తకుండానే. "పోయినోళ్లకు వినవడాలె."

"నర్మద!" అని అరిచినట్టే అని, నువ్వులు నీళ్లు వదిలాడు.

హరీష్ ఫోను గుడి శిఖరం వైపు తిప్పేశాడు. శిఖరం మీద పావురాలు చాలాసేపు కనబడ్డాయి.

నేను ఫోను పక్కన పెట్టాను. అవ్వ ఏడుస్తుందనుకుని దగ్గరికి జరిగాను. ఏడవలేదు. చేటలోంచి బియ్యం దోసిళ్లతో తీసి ఇంకో పళ్లెంలో పోసింది. పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది. దిండు కింద చేయి పెట్టి ఆకుపచ్చ రవికె గుడ్డ తీసి, మడత సరిచేసి బియ్యం మీద పెట్టింది. గాజులు పెట్టేటప్పుడు మాత్రం చేయి ఆగింది. కాసేపు వాటిని పట్టుకుని కూర్చుని, తర్వాత పెట్టింది.

"లే, పోదాం" అంది. "వాని చేతి బియ్యం నా బిడ్డ ముట్టది. ఆకలితోటి ఉంటది."

మా వాడ శివాలయం చేరేసరికి ఛానెల్‌లో చర్చ కొత్తగా మొదలైంది. ముగిసిందని మీరనుకుంటే ఈ జనం మీకు తెలియదన్నమాట. కింద రాతలన్నీ ఒకటే పొగడ్త. "లేచిపోయిన పెండ్లానికి కూడా బియ్యమిచ్చిండు, ఎంత పెద్ద మనసో!" మమతారాణి గారు కళ్లద్దాలు తుడుచుకుని, ఇది ఒప్పుకోలు అనలేమనీ, ప్రేమకు ఒక సాంస్కృతిక రూపం కావచ్చుననీ, రెండు వైపులా ఆలోచించాలనీ చెబుతున్నారు. నేను వీడియో ఆపేశాను. ఎందుకు చచ్చిందో అడగని ఊరు, చచ్చిందో లేదో తేల్చడానికి హాలు తీసుకుంది. తేల్చుకోనివ్వండి.

గుడి వరండాలో మా వంతు వచ్చింది. అవ్వ చెంబు పట్టుకుని కూర్చుంది. బాపు పేరు చెప్పి నీళ్లు వదిలింది. రెండో పళ్లెం ముందుకు జరుపుతుండగా నా ఫోను మోగింది. హరీష్. తిట్టడానికే ఎత్తాను. తిట్టబోతుండగా అవ్వ చేయి చాచింది. ఇచ్చాను. స్పీకరు మీద అతని గొంతు తియ్యగా వచ్చింది.

"అమ్మా, లైవ్‌ల ఉన్నం. రేపు కరీంనగర్ వస్తున్నరు గద? బండి పంపుతం."

"రాను బిడ్డా. మా ఇంట్ల సావైంది."

అటు వైపు కంగారు వినబడింది. "అయ్యో, ఎవలు పోయిన్రమ్మా?"

"నా పెద్దబిడ్డ" అంది అవ్వ. "గిప్పుడే పోయింది."

ఫోను నా చేతిలో పెట్టి, దోసిట్లో నీళ్లు పోసుకుంది. అయ్యగారు అడగకముందే పేరు చెప్పింది, గట్టిగా.