వెళ్ళొస్తామన్న మాట

నేను ఒక గుండ్రటి ప్లాస్టిక్ పళ్ళేన్ని. అరచేయంత ఉంటాను, నడుమ వేలు దూరేంత చిల్లు. నాలోకి తొంగి చూస్తే మీ మొహం తప్ప మీకేమీ కనబడదు. కానీ నా పొట్టలో నలభై గ్రహాలు, ఒక అంతరిక్ష నౌక, దాని సిబ్బంది ఏడుగురు, వాళ్ళ అలకలు, పద్నాలుగు ముగింపులు ఉన్నాయి. ‘నోవారా’ అనే వీడియో గేమ్‌కి మూడో భాగాన్ని, ఆఖరిదాన్ని. ఆ సంగతి నా మీద పెద్ద అక్షరాలతో అచ్చు కూడా వేశారు: ‘చివరి భాగం’. పుట్టినరోజునే నుదుటి మీద కర్మకాండ తేదీ రాసినట్టుంది కదూ! అయినా నేను ఏడ్చే రకాన్ని కాను.

నా ఆటలో కాల్పులు తక్కువ, మాటలు ఎక్కువ. ఆడేవాళ్ళే కెప్టెన్. ఎదుటి మనిషి ఏదో అంటాడు, తెర మీద మూడు జవాబులు వస్తాయి, ఒకటి నొక్కాలి. మొదటి భాగంలో నొక్కిన జవాబుకి మూడో భాగంలో ఫలితం కనబడుతుంది. మనుషులు బయట ఎన్ని మాటలని మరిచిపోయినా చెల్లుతుంది గానీ, నా దగ్గర ఏదీ చెల్లదు.

నా మొదటి యజమాని హైదరాబాదు కుర్రాడు. రెండు రోజుల్లో ఆట ముగించేశాడు. చివర్లో నౌకను నడిపే పైలట్ మైరా చచ్చిపోయింది. నౌక ఇంటికి చేరాలంటే అంతరిక్షంలో ఒక ద్వారం తెరిచి ఉండాలి. దాన్ని పట్టుకుని ఒకరు వెనక ఆగిపోవాలి. ఆగేది మైరాయే. ఎవరు ఎలా ఆడినా ఇంతే అయిందని లోకమంతా గగ్గోలు. కుర్రాడు కథ రాసినవాళ్ళని కడుపారా తిట్టి నన్ను అమ్మేశాడు. పదమూడు ముగింపుల్లో మైరా చస్తుంది, నిజమే. పద్నాలుగోది నాలో ఉందని ఎవరికీ తెలియదు. చెప్దామంటే నాకు నోరేదీ?

అలా తిరిగి తిరిగి గాజువాకలో గేమ్ పార్లర్ నడిపే వరహాలు ఇంటికి చేరాను. నేను వచ్చేసరికి పార్లర్ మూతపడి ఉంది. నలభై ఏళ్ళు దాటీ దాటకుండానే వరహాలుకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. తెర మొత్తం పొగమంచు. డాక్టరు పావుగంట పని అన్నాడు. వరహాలు వినడు. చిన్నప్పుడు వాళ్ళ మేనమామకి కంటి ఆపరేషన్ వికటించి చూపు పోయింది. కట్టు విప్పిన రోజు ఆయన పెట్టిన కేక ఇతని చెవుల్లో ఇంకా ఉంది. అంతే, ఇల్లు కదలడు, షట్టర్ ఎత్తడు.

నన్ను కొని తెచ్చింది అతని అక్క నూకరత్నం. ఆర్టీసీ కండక్టరు. ఇరవై ఏళ్ళుగా టిక్కెట్ మిషన్ నొక్కిన బొటనవేలు ఆవిడది. మొదటి రెండు భాగాలూ వరహాలు ఆడితే, ఆవిడ సెలవురోజు మధ్యాహ్నాలు పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తూ ఏ జవాబు నొక్కాలో చెప్పేదట. ఇప్పుడు మూడోది తెచ్చి ఒళ్ళో పెట్టింది.

“నాను నొక్కుతాను, నువ్వు ఇని సెప్పు. ఇంగిలీసు నీది, కళ్ళు నాయి.”

వరహాలు నవ్వాడు. అతనికి లోకం గగ్గోలు తెలుసు. ఆ నవ్వులో ఒక ఎత్తు కూడా ఉంది.

“సరే అక్కా. ఏడుగురూ ఇంటికి సేరితే ఆపరేసన్‌కి వస్తాను. ఒక్కరు తగ్గినా నా కళ్ళ మాట మరెత్తకు. ఒట్టెయ్యి.”

ఆవిడ వెంటనే తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది. ఓడిపోయే పందెంలోకి దిగిందని పాపం ఆవిడకి తెలియదు. ఒక మనిషి చూపు నా పొట్టలో కథ మీద ఆధారపడిందని వినగానే, నిజం చెప్తున్నాను, నాకు భయమేసింది.

ఆవిడ ఆట చూసి నవ్వాపుకోలేకపోయాను. నౌకను రెండుసార్లు గోడకి గుద్దింది. రేవులో ఆగిన ప్రతిసారీ సిబ్బందిని లెక్క చూసుకుని, ఏడుగురూ ఎక్కాక “రైట్ రైట్” అంటేగాని మీట నొక్కదు. అయితే అసలు విశేషం అది కాదు. ఏ గ్రహం వదిలి వెళ్ళేటప్పుడైనా తెర మీద మూడు జవాబులుంటాయి. పైది ‘ఇక సెలవు’. మధ్యది ఏమీ అనకుండా వెళ్ళిపోవడం. కిందది ‘మళ్ళీ వస్తాను’. అందరూ తొందరలో పైదే నొక్కుతారు. మొదటి భాగంలో వరహాలు కూడా అదే నొక్కబోతే అక్క చెయ్యి పట్టుకుందట: “పోతానని ఎవలైనా అంటార్రా? ఎల్లొస్తానని సెప్పు!” అప్పట్నుంచి ప్రతిచోటా కిందదే. మోసం చేసిన వర్తకుడికీ అదే, తరిమికొట్టిన రాణికీ అదే. ఒక్క చోట మాత్రం, రెండో భాగంలో ఒక గ్రహం తాలూకు ముసలి ఇంజనీరుని పూడ్చిన చోట, ఆవిడ మధ్యది నొక్కించింది. చావింటి నుంచి వచ్చేటప్పుడు ఎల్లొస్తాననకూడదు కదా!

మొదటి రెండు భాగాల్లో నొక్కినవన్నీ వాళ్ళ గేమ్ మిషన్ దాచి ఉంచి నాకు అప్పజెప్పింది. చూసి ఉలిక్కిపడ్డాను. నన్ను రాసినవాళ్ళు పద్నాలుగో ముగింపుకి పెట్టిన తాళం అచ్చంగా ఇదే. బతికున్న ప్రతివాళ్ళకీ మళ్ళీ వస్తానని మాటివ్వాలి. సమాధికి మాత్రం ఇవ్వకూడదు. ఇస్తే కెప్టెన్ తిరిగి చేరేది అక్కడికే. ఇచ్చిన మాటలన్నీ మూడో భాగంలో నిలబెట్టుకోవాలి. ఎక్కడి వాళ్ళు రాశారో, ఎక్కడ గాజువాకో! లోకంలో ఎవరూ కనుక్కోలేనిది, ఈవిడ మర్యాదకొద్దీ చేసేసింది.

మాటలు నిలబెట్టుకోవడంలోనూ ఆవిడ కండక్టరే. “ఈ చుట్టుతిరుగుడు దండగక్కా, దీనికి పాయింట్లు రావు” అని వరహాలు మొత్తుకున్నా, “రిక్వెస్ట్ స్టాపురా, ఆపకపోతే తిడతారు” అంటూ ప్రతి గ్రహం దగ్గరా నౌక ఆపింది. అలా ఆరు వారాలు, ఆరు సెలవురోజులు నడిచాయి.

ఏడో సెలవురోజున చివరి ద్వారం దగ్గరికి వచ్చాం. మైరా తన సీటు లోంచి లేచి, తాను వెనక ఆగుతానంది. వరహాలు అప్పటికే తల కిందికి దించేశాడు. పందెం గెలుస్తున్నందుకు అతని మొహంలో సంతోషం కనబడలేదు. ఎనిమిదేళ్ళుగా ఎరిగిన పిల్ల మరి. తెర మీద అవే మూడు జవాబులొచ్చాయి.

“అది సచ్చిపోద్దక్కా. అందరికీ అలాగే అయింది. నాకు ముందే తెల్సు, అందుకే పందెం కాసినాను. మాటాడకుండా వచ్చీ.”

నూకరత్నం బొటనవేలు ఆగింది. తమ్ముడు చేసిన మోసం ఆవిడకి అప్పుడే అర్థమైంది. నా గుండె, ఆ చిల్లే అనుకోండి, గిర్రున తిరుగుతోంది. ఆ వేలు మధ్యదాని మీద పడితే అన్నీ పోయినట్టే. ఆవిడ తమ్ముణ్ణి చూసింది, తెరను చూసింది.

“నీ సంగతి తర్వాత సెప్తాను. నిలబడి మాటాడతన్న మనిసికి సావు మర్యాద సేస్తామేట్రా? బతికున్నోళ్ళకి ఎల్లొస్తాననే సెప్పాల.”

కిందది నొక్కింది.

నేను పుట్టినప్పటి నుంచి ఎవరూ తాకని నా అంచు మీద, మొదటిసారి మిషన్ నన్ను చదివే సన్నని కాంతి పడింది. ఎంత సంతోషమో మీకెలా చెప్పను! చీకటి ఆకాశంలో ఒక దీపం వెలిగింది. రెండోది. మూడోది. వర్తకుడి నావ, రాణి దండు, వస్తామని చెప్పి వెళ్ళి పలకరించిన నలభై గ్రహాల ఓడలూ ద్వారం చుట్టూ చేరి దాన్ని పట్టుకున్నాయి. రేడియోలో రాణి గొంతు పలికింది. వరహాలు వింటూ తెలుగు చేశాడు.

“వస్తామన్నారు, వచ్చారు. ఇప్పుడు మా వంతు... అంటందక్కా. మైరా తిరిగొచ్చీసిందా? సూడు, ఎక్కిందా?”

నూకరత్నం తెర దగ్గరికి వెళ్ళి వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. ఏడు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, బస్సు మొత్తం వినబడేంత గొంతుతో అరిచింది.

“రైట్ రైట్!”

ఆ కేకకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వరహాలు చంటిపిల్లాడిలా ఏడుస్తూ, నవ్వుతూ, “సరే, వస్తాను, ఎక్కడ కోయించుకోమంటే అక్కడ కోయించుకుంటాను” అన్నాడు.

ఆపరేషన్లు నెల తేడాతో రెండూ జరిగాయి. రెండో కట్టు విప్పాక వరహాలు పొంగిపోయి డాక్టరు చేతులు పట్టుకుని “ఎల్లొ...” అనబోతే, అక్క టక్కున అతని నోరు మూసేసింది. ఆసుపత్రిలో ఆ మాట అంటారా ఎవరైనా!

ఇప్పుడు పార్లర్ షట్టర్ రోజూ లేస్తోంది. నేను మాత్రం గీతలు పడి ఆడడం మానేశాను. గల్లాపెట్టె పైన అద్దాల బీరువాలో కూర్చుని, పద్నాలుగో ముగింపు ఎలా సాధించారని ఊరూరి నుంచి వచ్చి అడిగేవాళ్ళకి వరహాలు కథలు కథలుగా చెబుతుంటే వింటాను. అసలు సాధించింది అక్క అనే సంగతి రెండోసారి అడిగితేగాని చెప్పడు.

సాయంత్రం డ్యూటీ దిగి నూకరత్నం వస్తుంది. ఇద్దరూ కొట్టు కట్టేస్తారు. షట్టర్ దించేముందు ఆవిడ బీరువా అద్దం మీద రెండు వేళ్ళతో తట్టి నాతో అంటుంది: “ఎల్లొస్తామమ్మా.”

నా నుదుటి మీద ‘చివరి భాగం’ అని అచ్చు ఇంకా అలాగే ఉంది. కానీ ఆవిడ మర్యాద మీకిప్పుడు తెలుసు కదా. పోయినవాళ్ళతో ఆవిడ ఆ మాట అనదు.