అరవై ఒకటో ఆకు

శంకరప్ప ఇనుప సందూకలో ఐదొందల ఏళ్ల తాటాకు పుస్తకం ఉంది. అది తన పూర్వీకుడే రాశాడని నారాయణఖేడ్ అంతా చాటుకుంటాడు. అదే మాట రాసిమ్మని, పాత రాతలు చదివే సలోమిని మనూర్ నుంచి పిలిపించాడు. అందరికీ స్టీలు గ్లాసుల్లో చాయ్, ఆమెకు కాగితం కప్పులో.

సలోమి ఆకులకు మసి పూసి తుడిచింది. నల్లగా అక్షరాలు తేలాయి. అరవయ్యో ఆకు దాకా కుడికి వాలిన రాత, ఆ తర్వాత ఎడమకు వాలి వణికింది.

"రాసినాయన ఒక్కడే. చెయ్యే మారింది," అని చివరి ఆకు చదివింది: "నా పేరు రాసుకొన్నందుకు దొర కుడిచెయ్యి నరికించెను. మిగిలినది ఎడమచేత రాసితిని." ఆకు మీదున్న ఆ దొర పేరు శంకరప్ప పూర్వీకుడిదే.

"గీ ముచ్చట బయటికి పోవద్దు."

"చదివిందే రాస్త పటేలా."

"ఏ చేత్తోని రాస్తవే?"

ఆమె పుస్తకాన్ని సందూకలో పెడుతుండగా శంకరప్ప ఆమె కుడిచేతి మీద ఇనుప మూత పడేసి, మోకాలితో అదిమాడు. ఎముకలు పటపటా విరిగాయి.

దవాఖానలో కట్టు కట్టాక పోలీసాయన ఫిర్యాదు కాగితం తెచ్చి, వేలిముద్ర చాలన్నాడు. సలోమి ఎడమచేత్తో కలం లాక్కుంది. వణికే, ఎడమకు వాలే అక్షరాలతో, మొదట తన పేరు రాసింది.