బిగింపు

కూర్మయ్య పంక్చరు వేసి, సైకిలు ముందు చక్రాన్ని ఫోర్కులో కూర్చోబెట్టి లివరును అరచేత్తో నొక్కాడు. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. పెదవి కొరుక్కుని ఇంకోసారి నొక్కాడు. మణికట్టు దగ్గర నరం లాగింది తప్ప లివరు కదల్లేదు.

మామూలు సైకిలుకైతే నట్లు ఉంటాయి. పొడవాటి స్పానరు పెట్టి ఒంటి బరువు ఆనిస్తే బిగుస్తాయి. భాగ్యలక్ష్మి టీచరు గేర్ల సైకిలు అలా కాదు. ఇరుసుకు ఒక పక్క చిన్న నట్టు, రెండో పక్క లివరు. అరచేతిలో అచ్చు పడేంత గట్టిగా నొక్కి మూయాలి. పలాసలో ఎస్టీడీ బూతు పక్కనున్న ఈ షాపులో ఇరవై ఏళ్లుగా చక్రాలు బిగిస్తున్న కూర్మయ్యకు ఆ సంగతి తెలుసు. అతని చేతుల్లో బలం పోయిందన్న సంగతే షాపు యజమాని సూర్యానికి తెలియదు. కిడ్నీలు పాడయ్యాయని డాక్టరు చెప్పి ఏడాది కావస్తోంది. ఉద్దానంలో వాళ్ల ఊళ్లో ఆ జబ్బు లేని వీధి లేదు. అయినా జబ్బు మనిషిని పనిలో ఎవరు ఉంచుకుంటారు?

"అయిందేటి మావా? టీచరమ్మకి బడి టైమైపోతంది," అన్నాడు సూర్యం.

"అయిపోనాది."

కూర్మయ్య అతనికి వీపు తిప్పి నట్టును ఒక చుట్టు వదులు చేశాడు. ఈసారి లివరు వేలితో తోస్తేనే మూసుకుంది. చూడడానికి అంతా సరిగ్గానే ఉంది. సాయంత్రం ఆమె తిరిగొచ్చేటప్పుడు ఎలాగోలా బిగిద్దామనుకున్నాడు. భాగ్యలక్ష్మి చున్నీ నడుముకు ముడేసుకుని సైకిలెక్కి పూండి రోడ్డు పట్టింది.

మధ్యాహ్నానికి ఆటోలో తిరిగొచ్చింది. గడ్డానికి కట్టు. ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. పక్కన తండ్రి కామేశ్వరరావు. వెనక సైకిలు ఒక ముక్కా, చక్రం ఒక ముక్కా. రైలు గేటు దగ్గర గతుకుకి చక్రం ఊడిపోయిందట. ఆమె మొహం నేరుగా రోడ్డుకి కొట్టుకుంది.

"దీన్ని ఎవరికైనా అమ్మేయ్ సూర్యం," అన్నాడు కామేశ్వరరావు. "ఆడపిల్లకి గేర్ల సైకిలేటి? బ్రేకు పట్టడం రాదు, గాల్లో ఎల్లిపోద్ది. ఇంక సైకిలూ వద్దు, ఆ బడీ వద్దు."

ఆ బడికి బస్సు లేదు. అక్కడున్న అందరికీ అది తెలుసు.

"ముందు బ్రేకు నేనే గట్టిగా పట్టేసినట్టున్నాను," అంది భాగ్యలక్ష్మి, నోరు పూర్తిగా తెరవలేక. "సైకిలు మంచిదే. నువ్వు సెప్పు కూర్మయ్య బాబాయ్."

కూర్మయ్య తల వంచుకుని ఫోర్కు కొసను గుడ్డతో తుడిచాడు. అక్కడ తుడవడానికేమీ లేదు. ఆమె తన వైపే చూస్తోందని తల ఎత్తకుండానే తెలిసింది. చెవులు వేడెక్కాయి. ఆమె ఇంకాసేపు చూసి మొహం తిప్పుకుంది.

ఆటో స్టార్టయింది. అప్పుడు కూర్మయ్య లేచి వెళ్లి దాని కమ్మీ పట్టుకున్నాడు.

"బాబూ, అమ్మాయి తప్పు నేదు. నట్టు నానే వదులు సేసినాను. బిగించడానికి సేతుల్లో బలం నేదు. సెప్పుకోడానికి సిగ్గేసి దాసినాను."

కామేశ్వరరావు అతని చేతుల వంక చూశాడు.

"ఎనక లారీ వచ్చుంటే?" అన్నాడు నెమ్మదిగా.

కూర్మయ్య కమ్మీ వదిలేశాడు.

"పొద్దున్నే ఒక్క మాట సెప్పుంటే నేనే నొక్కేదాన్ని కదా బాబాయ్," అంది భాగ్యలక్ష్మి. ఆమె గొంతులో కోపం లేదు. కొట్టినా బాగుండేదనిపించింది కూర్మయ్యకు.

కామేశ్వరరావు సైకిలు అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. బాగుచేసి ఉంచమని సూర్యానికి చెప్పి కూతుర్ని తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం చక్రాన్ని సూర్యమే బిగించాడు. కూర్మయ్య దూరంగా నిలబడి నట్టు ఎంత తిప్పాలో చెప్పాడు. అయ్యాక సూర్యం చేత అరచెయ్యి తిప్పించి, ఎర్రగా పడ్డ అచ్చు చూసి, తలూపాడు.

"నాకైనా సెప్పకపోనావా మావా," అన్నాడు సూర్యం. కూర్మయ్య స్పానర్లు తుడిచి డబ్బాలో సర్దాడు.

సూర్యం టీకి వెళ్లొచ్చేసరికి అతను లేడు. మర్నాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. షాపు ఊడుస్తుంటే సూర్యానికి బల్ల కింద అతని చెప్పులు కనిపించాయి. వాచిన పాదాలు పట్టేలా పట్టీలు రెండూ కోసి, పాత ట్యూబు ముక్కలతో ముడేసి ఉన్నాయి.